మొదటి తూటా ఎక్కడ పడుతుంది? వేట రైఫిల్ ఎంచుకుని గురి కుదుర్చుకున్న నా అనుభవం

వేట రైఫిల్ గురించి నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. బెంచీ మీద ఇసుక సంచులు పెట్టుకుని, వంద గజాల్లో మూడు తూటాలు ఒకే చిల్లులోంచి పంపామా లేదా అన్నది దాని అసలు పరీక్ష కాదు. తెల్లవారుజామున, రాత్రంతా చల్లబడిన గొట్టంలోంచి, చేతులు కొంకర్లు పోతుండగా, కూర్చున్న భంగిమలో పేల్చిన మొదటి తూటా ఎక్కడ పడుతుందన్నదే పరీక్ష. జింక ముందు రెండో తూటాకి అవకాశం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. మొదటిది తప్పితే ఆ జంతువు గాయంతో పొదల్లోకి పోయి గంటల తరబడి నరకం చూస్తుంది. తుపాకీ ఎంచుకోవడం నుంచి ఆఖరి స్క్రూ బిగించడం దాకా నేను చేసిన ప్రతి పనీ ఈ ఒక్క తూటా కోసమే.

మాది రాయలసీమ. వేరుశనగ చేలలో మంచె మీద రాత్రుళ్లు అడవి పందుల కాపలా కాసిన కుటుంబం. అక్కడ డప్పులు కొట్టి తరమడమే తప్ప తుపాకీ మాట లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో మన దేశంలో వేట చాలావరకు ఆగిపోయింది, ఆగిపోవడం మంచిదే. ఉద్యోగం మీద టెక్సాస్ వచ్చాక ఇక్కడి పద్ధతి తెలిసింది. తెల్లతోక జింకలు లెక్కకు మించి ఉన్న చోట, కౌంటీల వారీగా నిబంధనలు పెట్టి, కొట్టిన జంతువుకి కట్టే ట్యాగులు ఇచ్చి వేటాడనిస్తారు. ఈ రాష్ట్రంలో నూటికి తొంభై అయిదు పాళ్లకు పైగా భూమి ప్రైవేటుది. కాబట్టి ఎవరో ఒకరి భూమిని సీజన్‌కి లీజుకి తీసుకోవాలి. మా ఆఫీసులో ఒక పెద్దాయనకి మధ్య టెక్సాస్‌లోని లానో దగ్గర అలాంటి లీజు ఉంది. ఎర్రటి గ్రానైట్ బండలు, లైవ్ ఓక్ చెట్లు, మెస్కీట్ పొదలు. మెస్కీట్ అంటే మన సర్కారు తుమ్మకి దగ్గరి చుట్టమే. ఆయన నన్ను పిలిచి, "ముందు పరీక్ష రాయి, తర్వాత తుపాకీ గురించి మాట్లాడదాం" అన్నారు.

ఆ పరీక్ష పేరు హంటర్ ఎడ్యుకేషన్. టెక్సాస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లందరికీ తప్పనిసరి. గొట్టం ఎటు చూపాలి, లక్ష్యం వెనక ఏముందో ఎందుకు చూడాలి, జింక శరీరంలో గుండె, ఊపిరితిత్తులు ఎక్కడుంటాయి, ఏ కోణంలో నిలబడితే కొట్టకూడదు, ఇవన్నీ నేర్పుతారు. చివరి రెండు సంగతులూ నాకు తుపాకీ కొనడంలో కూడా పనికొచ్చాయి. జింక ఛాతీలో ప్రాణస్థానం ఆరు నుంచి ఎనిమిది అంగుళాల వలయం. లానో వైపు జింకలు ఉత్తరాది జింకల కంటే చిన్నవి కాబట్టి నేను ఆరంగుళాలే లెక్క వేసుకున్నాను. ఆ తర్వాత చేసిన ప్రతి లెక్కలోనూ ఆ ఆరంగుళాల వలయమే కొలబద్ద.

వీసా సంగతి ఇక్కడే చెప్పాలి, మనవాళ్లు చాలామంది అడుగుతారు. హెచ్-1బి లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ కొనడం, దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం సాధారణంగా నిషేధం. మినహాయింపుల్లో ఒకటి, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు. అయినా సరే, స్నేహితుడు చెప్పాడనో నేను రాశాననో వెళ్లకండి, ఇమిగ్రేషన్ లాయర్‌ని అడిగి అడుగు వేయండి. నేను గ్రీన్‌కార్డు వచ్చేదాకా ఆగాను. కొట్లో 4473 ఫారం నింపి, ఎఫ్‌బీఐ వాళ్ల నిక్స్ అనే నేపథ్య తనిఖీ అయ్యాక తుపాకీ చేతికిచ్చారు.

ఇంట్లో మా ఆవిడ ఒక్క మాటే అంది. "పిల్లలున్న ఇంట్లో తుపాకీ ఏంటండీ?" ఆ ప్రశ్న సబబైనది. అందుకే రైఫిల్ కంటే ముందు సేఫ్ కొన్నాను, గోడకీ నేలకీ బోల్టులు వేయించాను. రైఫిల్ సేఫ్‌లో, దాని బోల్ట్ (గొట్టం వెనక చేత్తో తెరిచి మూసే ముక్క) వేరే చోట, తూటాలు ఇంకో గదిలో తాళంలో. టెక్సాస్‌లో పదిహేడేళ్ల లోపు పిల్లల చేతికి పేల్చడానికి సిద్ధంగా ఉన్న తుపాకీ అందేలా వదిలేస్తే అది నేరం. చట్టం లేకపోయినా నేను ఇలాగే చేసేవాణ్ణి.

ఇక ఎంపిక. చాలామంది తుపాకీ కంపెనీతో మొదలుపెడతారు, పెద్దాయన నన్ను తూటాతో మొదలుపెట్టించారు. అమెరికాలో జింకకి వాడేవాటిలో .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్ 1906 నాటిది, .270 వించెస్టర్ 1925 నాటిది, .308 వించెస్టర్ 1952 నాటిది. 6.5 క్రీడ్‌మోర్‌ని హార్నడీ కంపెనీ 2007లో తెచ్చింది. వీటిలో ఏది తీసుకున్నా లానో జింకకి చాలు, ఇంకా మిగులుతుంది. తేడా అంతా భుజం మీద పడే తాకిడిలో ఉంది. ఒకే బరువున్న రైఫిల్‌లో 6.5 క్రీడ్‌మోర్ తన్ను .308 కంటే సుమారు మూడో వంతు తక్కువ. నాలుగు రకాలూ ఆయన దగ్గరా, ఆయన స్నేహితుల దగ్గరా పేల్చి చూశాను. .30-06 తర్వాత నా కన్ను ట్రిగ్గర్ నొక్కకముందే మూసుకోవడం మొదలైంది. శరీరం దెబ్బకి భయపడితే ఎంత మంచి తుపాకీ అయినా గురి నిలవదు. వందేళ్ల పేరున్న తూటా కంటే, నేను కన్ను తెరిచి పేల్చగలిగే తూటా గొప్పది. 6.5 క్రీడ్‌మోర్ ఖాయం చేసుకున్నాను.

రైఫిల్ విషయంలో బోల్ట్ యాక్షనే అని ముందే అనుకున్నాను. 1898 నాటి మౌజర్ దగ్గర్నుంచి ఈ పద్ధతి పెద్దగా మారలేదు. చేత్తో బోల్ట్ ముందుకి తోసి కిందికి తిప్పితే తూటా గొట్టంలో గట్టిగా బిగుసుకుంటుంది, పేలేటప్పుడు లోపల కదిలే భాగాలు తక్కువ. కొట్లో రెమింగ్టన్ 700, సావేజ్ 110, రూగర్ అమెరికన్, టిక్కా టీ3ఎక్స్ వరసగా చేతిలోకి తీసుకుని చూశాను. అన్నీ ఖచ్చితంగా కొట్టేవే. ఈ రోజుల్లో పేరున్న కంపెనీ ఏదైనా వంద గజాల్లో అంగుళం, అంగుళంన్నర గ్రూపు (వరసగా పేల్చిన తూటాల చిల్లులు పరుచుకున్న వెడల్పు) ఇస్తుంది. నేను ఫిన్లండ్‌లో సాకో వాళ్లు తయారుచేసే టిక్కా తీసుకున్నాను. అందుకు మూడు కారణాలు. బోల్ట్ ఎక్కడా పట్టేయకుండా జారుతుంది. ట్రిగ్గర్‌ని రెండు నుంచి నాలుగు పౌండ్ల మధ్య మనమే సర్దుకోవచ్చు. స్కోపు, అంటే గురి చూసే దుర్భిణి, దాని రింగులు పట్టడానికి రిసీవర్ (బోల్ట్ కదిలే లోహపు భాగం) మీదే గాడి ఉంది కాబట్టి మధ్యలో బేస్ అనే ముక్క అక్కర్లేదు, అంటే వదులయ్యే స్క్రూలు కొన్ని తగ్గాయి.

ట్రిగ్గర్ బరువు ఎందుకు ముఖ్యమో చెప్తాను. స్కోపుతో కలిపి నా రైఫిల్ ఎనిమిది పౌండ్లకి కాస్త తక్కువ. ట్రిగ్గర్ లాగడానికే అయిదారు పౌండ్ల బలం కావాలంటే, ఆ లాగుడుకి తుపాకీయే కదులుతుంది. నాది మూడు పౌండ్లకి కొద్దిగా లోపు పెట్టుకున్నాను. రెండుకి దించొచ్చు, కానీ చలికి వేళ్లు మొద్దుబారినప్పుడు అంత తేలిక ట్రిగ్గర్ అనుకోకుండా పేలుతుంది. వేటకి అది పనికిరాదు.

ఇంకో సంగతి మనవాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాలి. ట్రిగ్గర్ నుంచి భుజానికి ఆనే తుపాకీ మడమ చివరిదాకా ఉండే పొడవు ఇక్కడి సగటు మనిషి ఒడ్డూ పొడుగూ చూసి పెట్టింది. నేను ఐదడుగుల ఆరంగుళాల మనిషిని. మామూలు స్టాక్ (తుపాకీని పట్టుకుని భుజానికి ఆనించే భాగం) నాకు పొడుగ్గా అనిపించింది, మెడ ముందుకి సాచాల్సి వచ్చింది. టిక్కా మడమలో స్పేసర్లు, అంటే మధ్యలో పెట్టే పలకలు, తీసేస్తే కొంత తగ్గుతుంది. కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికి ఆనించి, చెంప స్టాక్ మీద వాల్చి, కళ్లు తెరిస్తే స్కోపు మధ్యలోంచి చిత్రం నిండుగా కనిపించాలి. తల ఎత్తితేనో దించితేనో కనిపిస్తే ఆ తుపాకీ మీకు సరిపోలేదన్నమాట. ఈ పరీక్ష కొట్లోనే, చలికోటు వేసుకుని చేయాలి. కోటు మందం ఒక్కటే అర అంగుళం తేడా తెస్తుంది. అలాగే మీ కళ్లలో ఏది ప్రధానమో చూసుకోండి. రెండు చేతులూ చాచి, వేళ్ల మధ్య చిన్న సందు చేసి, రెండు కళ్లతో దూరపు వస్తువుని అందులోంచి చూడండి. ఒక్కో కన్నూ మూస్తే ఏ కంటికి ఆ వస్తువు నిలిచి ఉంటుందో అదే మీ గురి కన్ను. నాది కుడి.

స్కోపు దగ్గర అందరూ పెద్ద అంకెలకి ఆశపడతారు. వేటకి వెలుతురు ముఖ్యం, పెద్దగా చూపించడం తర్వాత. టెక్సాస్‌లో జింక వేటకి అనుమతి సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా. జింకలు బయటికొచ్చేది సరిగ్గా ఆ మసక వెలుతుర్లోనే. ముందు అద్దం వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, ఎన్నిరెట్లు పెద్దగా చూపిస్తోందో దానితో భాగిస్తే, కంటికి చేరే కాంతి కట్ట వెడల్పు వస్తుంది. 40 మిల్లీమీటర్ల అద్దం ఆరు రెట్ల దగ్గర 6.7 మిల్లీమీటర్లు ఇస్తుంది. చీకట్లో కుర్రవాళ్ల కంటిపాప ఏడు మిల్లీమీటర్ల దాకా విప్పారుతుంది, వయసు పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. అదే అద్దాన్ని ఇరవై రెట్ల మీద పెడితే రెండు మిల్లీమీటర్లే, కళ్ల ముందు నలుపు. అందుకే 3-9×40, అంటే మూడు నుంచి తొమ్మిది రెట్లు చూపించే 40 మిల్లీమీటర్ల అద్దమున్నది తీసుకున్నాను. డబ్బు ఖర్చు పెట్టింది అంకెల మీద కాదు, అద్దం నాణ్యత మీద. సాయంత్రం వేళ కొట్టు బయట పార్కింగ్ స్థలంలోకి తీసుకెళ్లి, చెట్ల నీడలోకి చూసి ఎంచుకున్నాను. కొట్టు లోపలి దీపాల కింద అన్ని స్కోపులూ బాగానే కనిపిస్తాయి.

స్కోపు బిగించడం కొట్టువాళ్లే చేసిపెడతామన్నారు. నేనే చేసుకున్నాను. ఎందుకంటే గురి తప్పడానికి మూలం ఎక్కువసార్లు గొట్టంలో ఉండదు, వదులైన స్క్రూలో ఉంటుంది. ఏ స్క్రూ ఎంత బిగువుందో నా చేతులకి తెలిసుంటే, గ్రూపు విచ్చుకున్న రోజు ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

ముందు రైఫిల్ ఖాళీగా ఉందో లేదో కంటితో చూసి, వేలు పెట్టి చూసి, బోల్ట్ తీసి పక్కన పెట్టాను. స్టాక్ విప్పి, యాక్షన్‌ని (రిసీవర్, గొట్టం ఉన్న లోహపు భాగాన్ని) మళ్లీ కూర్చోబెట్టాను. రైఫిల్‌ని మడమ మీద నిలువుగా నిలబెట్టి అరచేత్తో రెండు దెబ్బలు తడితే యాక్షన్ వెనక్కి జారి రీకాయిల్ లగ్ అనే అడ్డుముక్కకి ఆనుకుంటుంది. పేలినప్పుడు తుపాకీ వెనక్కి తన్నేది ఆ లగ్ మీదే. ముందే ఆనించి బిగించకపోతే మొదటి కొన్ని తూటాలకి అది కదిలి సర్దుకుంటుంది, ఆ కదలిక టార్గెట్ మీద కనిపిస్తుంది. స్క్రూలని టార్క్ రెంచితో తయారీదారు చెప్పిన బిగువుకి బిగించాను. ఆ తర్వాత ఒక కాగితం ముక్కని గొట్టానికీ స్టాక్‌కీ మధ్య దూర్చి, కొస నుంచి రిసీవర్ దాకా లాగి చూశాను. ఎక్కడా పట్టుకోలేదు. గొట్టం స్టాక్‌కి తగిలితే వేడికీ తేమకీ స్టాక్ వంగినప్పుడల్లా గురి మారిపోతుంది.

రింగుల లోపలా, స్క్రూల మరల మీదా ఉన్న ఫ్యాక్టరీ నూనెని స్పిరిట్‌తో తుడిచేశాను. స్కోపుని కింది రింగుల్లో పెట్టి, పై ముక్కలు వదులుగా వేసి, ముందుకీ వెనక్కీ జరుపుతూ కంటికి దూరం చూసుకున్నాను. నా స్కోపుకి అది మూడున్నర అంగుళాల పైన. ఇంతకంటే దగ్గర పెడితే తన్నినప్పుడు స్కోపు అంచు కనుబొమని కోస్తుంది. ఈ గాయం మచ్చతో తిరిగే వేటగాళ్లు ఇక్కడ చాలామంది కనిపిస్తారు. అడ్డగీత, నిలువుగీత తిన్నగా ఉన్నాయా అని చూడటానికి దూరంగా ఒక దారానికి బరువు కట్టి వేలాడదీశాను. రైఫిల్‌ని లెవెల్‌తో సమంగా ఉంచి, స్కోపులోని నిలువుగీత ఆ దారంతో కలిసేదాకా తిప్పాను. గీత ఒరిగి ఉంటే వంద గజాల్లో తెలీదు. దూరం పెరిగేకొద్దీ పైకి సర్దిన ప్రతిసారీ పక్కకి కూడా పోతుంది.

రింగుల పై స్క్రూలు సుమారు 15 నుంచి 18 ఇంచ్-పౌండ్లు. ఒకదాన్ని పూర్తిగా బిగించి ఇంకోదానికి వెళ్లకూడదు. ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా, రెండు వైపులా సందు సమంగా ఉండేలా బిగించాలి. చేతి అంచనాతో బిగిస్తే స్కోపు గొట్టం నొక్కుకుపోతుంది, లోపల గురి సర్దే క్లిక్కులు సరిగ్గా పనిచేయవు. టార్క్ రెంచి ఖరీదైనది కాదు. తుపాకీ కొన్నవాళ్లంతా అది కూడా కొనాలని గట్టిగా చెప్తాను. చివరగా ప్రతి స్క్రూ తల మీంచి రింగు మీదకి తెల్ల పెయింటుతో సన్నని గీత పెట్టాను. స్క్రూ తిరిగితే గీత విరుగుతుంది, కళ్లతోనే పట్టుకోవచ్చు.

రేంజ్‌కి, అంటే తుపాకీ సాధన చేసే మైదానానికి, వెళ్లింది సెప్టెంబరు మొదట్లో, తలుపులు తీసే వేళకే. టెక్సాస్ ఎండలో పది దాటితే సన్న గొట్టం చల్లారదు, టార్గెట్ మీద ఎండమావి ఆడుతుంది. చెవులకి లోపల ప్లగ్గులు, పైన మఫ్‌లు రెండూ పెట్టుకున్నాను. రైఫిల్ శబ్దం 160 డెసిబెల్స్ దాటుతుంది. పోయిన వినికిడి తిరిగి రాదు.

మొదట 25 గజాల్లో. బోల్ట్ తీసి, గొట్టం వెనకనుంచి చూస్తూ నల్ల చుక్కని గొట్టం మధ్యలో నిలిపి, రైఫిల్ కదలకుండా స్కోపు గీతల్ని అదే చుక్క మీదకి తెచ్చాను. దీనికి పరికరాలేమీ అక్కర్లేదు. ఒక తూటా పేల్చాను, కాగితం మీద పడింది. నా స్కోపులో ఒక క్లిక్కు వంద గజాల్లో పావు అంగుళం. అంటే 25 గజాల్లో అందులో నాలుగో వంతు, అంగుళం కదలడానికి పదహారు క్లిక్కులు. ఈ లెక్క గుర్తుంటే తూటాలు చాలా మిగులుతాయి. స్కోపు గొట్టం కంటే పైన ఉంటుంది కాబట్టి 25 దగ్గర బుల్లెట్ చుక్కకి కాస్త కిందే తగలాలి. అక్కడ సరిగ్గా మధ్యలో పడాలని పట్టుబడితే దూరం పోయేకొద్దీ మరీ పైకి పోతుంది.

తర్వాత వంద గజాలు. ముందు సంచి స్టాక్ కింద, గొట్టం కింద ఎప్పుడూ కాదు. వెనక చిన్న సంచి మడమ కింద, దాన్ని ఎడమ చేత్తో పిసుకుతూ ఎత్తు సర్దుకోవడం. మూడు తూటాలు, ఆపైన గొట్టం చేతికి చల్లగా తగిలేదాకా బోల్ట్ తెరిచి ఆగడం. మళ్లీ మూడు.

తూటాల్లో నేను రాగి బుల్లెట్లే చూశాను. సీసం బుల్లెట్ ఎముకకి తగిలి చిట్లితే సన్నని ముక్కలు మాంసంలో దూరం దాకా పోతాయి, ఎక్స్‌రే తీస్తే కనిపిస్తాయి. ఆ మాంసం తినేది మా పిల్లలు. రాగిది చిట్లదు, పువ్వులా విచ్చుకుని దూసుకుపోతుంది. అయితే విచ్చుకోవడానికి వేగం కావాలి కాబట్టి తేలిక బరువే మంచిది. 120 గ్రెయిన్లది తీసుకున్నాను. గొట్టం దాటేటప్పుడు సెకనుకి దాదాపు 2,900 అడుగుల వేగం. ఒకే బరువులో కొన్ని కంపెనీలవి తలా ఒక డబ్బా కొని పేల్చాను. అదే రైఫిల్, అదే బెంచీ, అదే నేను. ఒక రకం అంగుళంన్నర దాటి పరుచుకుంది, ఇంకో రకం అంగుళం లోపు దగ్గరగా పడింది. ప్రతి గొట్టానికీ తన ఇష్టం తనకుంటుంది. పేల్చి చూడటం తప్ప ముందే తెలుసుకునే దారి లేదు. నచ్చిన రకం దొరికాక అదే లాట్ నంబరున్న, అంటే ఒకే విడతలో తయారైన డబ్బాలు సీజన్‌కి సరిపడా ఒకేసారి కొన్నాను. లాట్ మారితే గురి కూడా కొద్దిగా మారొచ్చు.

ఎంఓఏ అని అందరూ అనే కొలత డిగ్రీలో అరవయ్యో భాగం, వంద గజాల్లో 1.047 అంగుళాలు. "నాది అర ఎంఓఏ రైఫిల్" అని మూడు తూటాల ఫొటో పెట్టేవాళ్లని నేను నమ్మను. మూడు తూటాలు అదృష్టం కొద్దీ కూడా దగ్గరగా పడతాయి. అలాంటి గ్రూపులు కొన్నిటిని ఒకదాని మీద ఒకటి పేర్చి, అన్ని చిల్లుల్నీ ఒకే కాగితం మీదకి ఎక్కిస్తే నిజం బయటపడుతుంది. అలా పేరిస్తే నా రైఫిల్‌ది అంగుళంన్నరకి దగ్గర. ఆరంగుళాల వలయానికి అది పుష్కలం. ఇంకా తగ్గించడానికి గొట్టాలు మార్చడం, ట్రిగ్గర్లు మార్చడం మొదలుపెడితే ఆ ఖర్చుకి అంతుండదు. ఆ డబ్బుతో తూటాలు కొని సాధన చేస్తే జింకకి మేలు.

గురిని 200 గజాలకి కుదిర్చాను. అంటే వంద దగ్గర బుల్లెట్ అంగుళంన్నర పైన, 200 దగ్గర సరిగ్గా, 300 దగ్గర ఏడంగుళాల చుట్టూ కింద. వంద నుంచి 200 దాకా ఎక్కడున్నా మధ్యలో గీత పెట్టి నొక్కితే చాలు, వేట మధ్యలో లెక్కలు వేయక్కర్లేదు. 300 గజాల లెక్క తెలిసినా ఆ దూరంలో నేను కొట్టను.

ఆ తర్వాత మొదలైంది నేను అన్నిటికంటే విలువిచ్చే పని. రేంజ్‌కి వెళ్లిన ప్రతిసారీ, సంచులూ సామానూ దించకముందే, చల్లని గొట్టంతో ఒకే ఒక తూటా. దానికో కాగితం విడిగా ఉంటుంది. దాన్ని ఇంటికి తెచ్చి ఫైల్లో పెట్టుకుని, తర్వాతి వారం మళ్లీ అదే కాగితం తగిలిస్తాను. ఎండ, వాన, గాలి, ఆఫీసు అలసట, అన్ని రోజుల మొదటి తూటాలూ ఆ ఒక్క కాగితం మీద చేరాయి. ఏ బెంచీ గ్రూపూ చెప్పని సంగతి అది చెప్పింది. గొట్టం లోపల రసాయనంతో శుభ్రంగా కడిగిన తర్వాత పేల్చిన మొదటి తూటా మిగతావాటికి దూరంగా పడింది. రాగి పూత కొంచెం తిరిగి పట్టాకే గురి స్థిరపడుతోంది. అప్పట్నుంచి సీజన్‌కి ముందే కడిగి, కొన్ని తూటాలు పేల్చి, ఇక సీజన్ అయ్యేదాకా గొట్టం లోపల ముట్టుకోను. బయట తేమ తుడిచి సన్నగా నూనె రాయడం వరకే.

బెంచీ వదిలేసి నేల మీద కూర్చుని, మూడు కాళ్ల కర్ర మీద ఆనించి పేల్చడం మొదలుపెట్టాక అంగుళంన్నర కాస్తా నాలుగంగుళాలైంది. రైఫిల్ అదే, నేను మారాను. అందుకే ఇంట్లో ప్రతి రాత్రీ డ్రై ఫైరింగ్. తూటాలు లేని గదిలో, గొట్టం ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, గోడ మీద చిన్న చుక్క పెట్టి ట్రిగ్గర్ నొక్కడం. నొక్కిన క్షణంలో గీత ఎటు కదిలిందో మనకే కనిపిస్తుంది. రేంజ్‌లో పెద్దాయన నాకు కనపడకుండా అసలు తూటాల మధ్య ఉత్త డమ్మీ తూటాలు కలిపేవారు. డమ్మీ వచ్చినప్పుడు తుపాకీ ముక్కు కిందికి వంగితే, దెబ్బకి ముందే బెదిరామన్నమాట. దీన్ని మించిన గురువు లేదు. .22 రైఫిల్‌తో కూడా చాలా పేల్చాను. చవక, తన్నదు, చేసిన పొరపాటు కాగితం మీద చూపిస్తుంది. జింకకి మాత్రం టెక్సాస్‌లో ఆ రిమ్‌ఫైర్ తూటా చట్టవిరుద్ధం.

అక్టోబరు చివరికి కూర్చుని, కర్ర మీద ఆనించి, 150 గజాల్లో అన్ని తూటాలూ ఆరంగుళాల లోపల పడ్డాయి. బ్లైండ్ (వేటగాడు దాక్కుని కూర్చునే చిన్న గది) కిటికీ చెక్క మీద సంచి వేసుకుని ఆనిస్తే 200. అవే నా హద్దులు అని రాసి స్టాక్‌కి అంటించుకున్నాను. వేటలో మనసు ఊగినప్పుడు ఆ అంకె కళ్లెదురుగా ఉండాలి.

జనరల్ సీజన్ నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. ముందురోజు లీజుకి చేరగానే ఒక్క తూటా కాగితం మీద పేల్చి చూశాం. గంటల ప్రయాణంలో కారు కుదుపులకి స్కోపు కదిలిందేమో తెలుసుకోవాలిగా. స్క్రూల మీద తెల్ల గీతలు చెక్కుచెదరలేదు, తూటా పడాల్సిన చోటే పడింది.

మర్నాడు వెలుగు రాకముందే బ్లైండ్‌లో కూర్చున్నాం. మొదట పొడుగాటి కొమ్ములతో ఒక మగజింక పొదల వెంట నడిచింది, నిలబడలేదు, వదిలేశాను. ఎండ గడ్డి మీదకి వచ్చాక ఆడజింక ఒకటి ఓక్ చెట్టు కిందనుంచి బయటికొచ్చి పక్కకి తిరిగి ఆగింది. రేంజ్‌ఫైండర్‌లో నూట ముప్ఫై గజాల చిల్లర. దాని వెనక మట్టి గట్టు. ముందు కాలి వెనక, ఛాతీలో మూడో వంతు ఎత్తున గీత నిలిపాను. గుండె దడ చెవుల్లో వినిపిస్తోంది. అయినా వేలు ఇంట్లో గోడ చుక్క ముందు నేర్చుకున్నట్టే నెమ్మదిగా నొక్కింది. పేలాక కూడా కన్ను తెరిచే ఉంది, స్కోపులో జింక తూలడం చూశాను. నలభై గజాలు కూడా పోలేదు. ఊపిరితిత్తులు రెండింటిలోంచీ దూసుకుపోయి అవతలి వైపు బయటపడింది బుల్లెట్. లైసెన్సు మీది ట్యాగు నింపి కట్టి, పెద్దాయన చూపించినట్టు అక్కడే పొట్ట శుభ్రం చేసి, ఐసు పెట్టెల్లో సర్దాం. ఆ మాంసం మా ఇంట్లో ఉగాది దాకా వచ్చింది. కొవ్వు తక్కువ కాబట్టి వేపుడు కంటే సన్న సెగ మీద మిరియాల పులుసు బాగా కుదిరింది.

లానో వైపు జనరల్ సీజన్ జనవరి మొదటి ఆదివారం దాకా ఉంటుంది. మధ్యలో వచ్చిన వారాంతాల్లోనూ రేంజ్‌కి వెళ్లి మొదటి తూటా కాగితం తగిలించడం మానలేదు. ఇప్పుడు మా కాలనీ తమ్ముడొకడు హంటర్ ఎడ్యుకేషన్ పూర్తి చేశాడు. రైఫిల్ కొనడానికి తోడు రమ్మంటే ముందు .22 పట్టించి రేంజ్‌కి తీసుకెళ్లాను. కుడిచేతి వాటమే గానీ గురి కన్ను ఎడమది. ఎడమ భుజం నుంచి పేల్చడం అలవాటు చేసుకుంటానంటున్నాడు, అది కుదిరితే అతనికి ఎడమచేతి బోల్ట్ ఉన్న రైఫిల్ వెతకాలి. ఈ వేసవంతా .22 ఎడమ భుజం మీదే ఉంచమన్నాను. కొనుగోలు సంగతి ఆగస్టులో చూస్తాం.